అవ్వ నోటిమాట, మనుమరాలి చేతివ్రాత

పెద్దపల్లి ప్రాంతమున మా బంధువుల యింట కొంతకాలము క్రిందట ఒక వృద్ధురాలు కాలధర్మము నొందినది. ఆమెకు తొంబది యేండ్లు నిండినవని కొందరు, ఇంకను రెండుమూడేండ్లు తక్కువయని కొందరు అనుకొనిరి. పండ్రెండవ దినమున కర్మ జరుగుచుండగా పురోహితుడు ఆమె అత్తగారి పేరడిగెను, చెప్పిరి. ఆ యత్తగారి యత్తగారి పేరడిగెను. అందరును ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. మగవారి వైపున ఏడు తరముల పేర్లు తడవుకొనక చెప్పగల యింట, అదే గడపలో దీపము పెట్టిన ముత్తవ్వ పేరెరిగినవారు ఒక్కరును లేకపోయిరి. ప్రక్కయింటి ముసలమ్మ యొకతె మాత్రము, "ఆమెను తల్లిగారూరి పేరు వెట్టి పిలుస్తుండిరి, అసలు పేరు మాకెర్క లేదు" అనెను. ఆ పేరెరిగిన యొకే మనిషి పండ్రెండు దినముల క్రిందటనే చితిలో కాలిపోయినది.

అప్పుడు గుమ్మమునొద్ద నిలిచియున్న మునిమనుమరాలు కళాశాలలో చదువుకొనుచున్న పిల్ల. కాకతీయ రాజుల పేర్లు వరుస తప్పక అప్పగింపగలది. ఆ పిల్ల కన్నీరు తుడుచుకొనుచు, "పదునెనిమిదేండ్లు ఆమె ప్రక్కన పండుకొంటిని. ఒకనాడైన అడుగనైతిని" అనెను. ఆ మాట మా చెవులలో నేటికిని నిలిచియున్నది. ఈ నాలుగు పుటలు వ్రాయుటకు అదియే కారణము.

సోదరీమణులారా! మన యిండ్లలో చదువుకొను పిల్లలు కలరు. మాటలాడుటకు మనిషి దొరకక గోడవైపు చూచుచు కూర్చుండు వృద్ధులును కలరు. ఇరువురి నడుమ లేనిది ఒక్క నోటుపుస్తకము మాత్రమే. విద్యార్థులు పెద్దల జీవితకథలను వారి నోటనే విని వ్రాసిపెట్టుట యెంత మేలైన పనియో, దాని నెట్లు చేయవలెనో, అందు ఏమేమి జాగ్రత్తలు వలయునో విన్నవింపగోరుచున్నాము.

బడిపిల్లలు వ్రాసిన పుటలు

ఇది క్రొత్తగా పుట్టిన యూహ కాదు. ఐర్లండు దేశమున 1937 మొదలు 1939 వరకు అచటి జానపద విజ్ఞాన సంఘమువారు ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఒక పని యొప్పగించిరి. పదునొకండు మొదలు పదునాలుగేండ్ల వయసుగల పిల్లలు సాయంకాలము ఇంటికిపోయి, తాతలను అవ్వలను ఇరుగుపొరుగు వృద్ధులను అడిగి, వారు చెప్పినదానిని తమ పుస్తకములలో వ్రాసికొని రావలెను. సుమారు 5,000 పాఠశాలలు, 50,000 మంది పిల్లలు ఈ పనిలో పాల్గొనిరి. పోగైన వ్రాత ఏడు లక్షల పుటలకు మించినది. ఆ పుటలలో రాజులు లేరు, సేనాపతులు లేరు. వెన్న చిలికిన విధము, ఊరి బావికథ, చేతివైద్యములు, పందొమ్మిదవ శతాబ్దపు నడిమికాలమున వచ్చిన ఘోరమైన బంగాళదుంపల కరవునుగూర్చి పెద్దలు తమ పెద్దలవలన వినిన మాటలు కలవు. నేడు ఆ దేశపు విద్వాంసులు వానిని నిధివలె కాపాడుకొనుచున్నారు. వ్రాసినవారు విద్వాంసులు కారు. పలకబలపము విడిచి నాలుగైదేండ్లయిన పసివారు.

అమెరికాలోని జార్జియా రాష్ట్రపు కొండప్రాంతమునను ఇట్టిదే యొకటి జరిగినది. 1966లో అచటి యొక ఉన్నత పాఠశాల విద్యార్థులు కొండలలో నివసించు వృద్ధులయొద్దకు పోయి, వారి పనిపాటలను, బ్రతుకుతెరువును, జ్ఞాపకములను వ్రాసికొని 'ఫాక్స్‌ఫైర్' అను పత్రికగా ప్రకటింప మొదలిడిరి. 1972లో ఆ వ్రాతలు గ్రంథరూపమున వెలువడి లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోయినవి. పాఠమన్న విసుగుకొను పిల్లలు ఒక ముసలామె తన చేతులతో సబ్బు వండిన విధమును వ్రాయుటలో శ్రద్ధవహించిరి. తాము వ్రాసినది మరియెవ్వరును వ్రాయలేదన్న యెరుక వారికి కలిగినది గదా!

మన భాషలో జరిగిన పని

తెలుగునాట స్త్రీల చరిత్రమును వ్రాయవలెనని తలపెట్టినవారిలో భండారు అచ్చమాంబ (1874-1905) అగ్రగణ్య. బడిముఖ మెరుగని ఆమె యింటనే చదువు నేర్చి, ఇరువదియవ శతాబ్దారంభమున 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను రచించి, మన దేశపు వీరనారుల, విదుషీమణుల జీవితములను గ్రంథస్థము చేసినది. స్త్రీలకు చరిత్రము లేదనువారికి అది గట్టి సమాధానము. అయితే అందలి స్త్రీలు కీర్తిగాంచినవారు. పేరు ప్రతిష్ఠలు లేని స్త్రీల మాట యేమి?

పిమ్మట 1950 దశకమున ఉస్మానియా విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థియైన బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములను సేకరించి, వానిపై పరిశోధన సాగించిరి. పండితులు చిన్నచూపు చూచిన దంపుడుపాటలకు, స్త్రీల పాటలకు విశ్వవిద్యాలయమున పీట దొరికినది. పాట దొరికిన పిమ్మట ఆ పాటలు పాడిన స్త్రీల బ్రతుకులను తెలిసికొనవలెనను కోరిక కలుగుట సహజము.

ఆ కోరిక తీర్చిన గ్రంథము 1986లో వెలువడినది. 1978లో హైదరాబాదున ఏర్పడిన స్త్రీశక్తి సంఘటనకు చెందిన కొందరు విద్యావతులు తెలంగాణ సాయుధ పోరాటమున (1946-51) పాల్గొన్న స్త్రీలను వెదకి పోయిరి. టేపురికార్డరు ముందుంచుకొని, గంటలకొలది కూర్చుండి, వారు చెప్పినదానిని వారి మాటలలోనే వ్రాసిరి. గ్రంథమునకు 'మనకు తెలియని మన చరిత్ర' యని పేరుపెట్టిరి. 1989లో అది ఆంగ్లమునను వెలువడి దేశాంతరములకు పోయినది. అప్పటివరకు పోరాటమునుగూర్చి వ్రాసినవారు ఎక్కువగా నాయకులు. వారు దళములను, తీర్మానములను, తేదీలను వ్రాసిరి. స్త్రీలు చెప్పిన కథలలో మరియొక లోకము కానవచ్చినది. ఆకలి, నెలసరి, కాన్పు, అడవిలో కన్నబిడ్డను పరుల చేతికప్పగించి కదలిపోయిన తల్లి దుఃఖము, పోరాటము ముగిసినపిమ్మట "ఇక మీరు ఇండ్లకు పొండు" అనిపించుకొన్నవారి మనోవేదన - ఇవన్నియు అడిగినవారు లేక ముప్పదియేండ్లకు పైగా వారి గుండెలలోనే యుండిపోయినవి.

ఈ గ్రంథమున కథ చెప్పినవారిలో పాలకుర్తికి చెందిన చిట్యాల ఐలమ్మ యొకతె. చాకలి కులమున పుట్టి, తాను పండించిన పంటను విసునూరు దేశముఖునకు దక్కనీయక నిలిచిన ధీర. ఆమె 1985 సెప్టెంబరు 10వ తేదీన గతించినది. గ్రంథము వెలువడినది ఆ మరుసటి యేట. అడుగవలసినవారు ఇంకను కొన్నియేండ్లు జాగుచేసియుండిన ఆమె నోటిమాట మనకు దక్కెడిది కాదు. ఈ రెండు సంవత్సరములను ప్రక్కప్రక్కన వ్రాసి చూచినచో, "వచ్చే సెలవులలో అడుగుదములే" అను మాట యెంత ప్రమాదకరమో తెలియగలదు.

తరువాత కాలమున మరి రెండు త్రోవలు తెరచుకొన్నవి. కొండపల్లి కోటేశ్వరమ్మగారు తొంబదియేండ్లు దాటినపిమ్మట 2012లో 'నిర్జన వారధి' యను ఆత్మకథను ప్రకటించిరి. మల్లు స్వరాజ్యంగారు చెప్పగా ఇరువురు రచయిత్రులు విని వ్రాసిన 'నా మాటే తుపాకీ తూటా' 2019లో వెలువడినది. వ్రాయగలవారు వ్రాయవచ్చును, వ్రాయలేనివారికి వ్రాసిపెట్టు చేయి కావలెను. మన యింటి పిల్లల చేయి అట్టిది కారాదా?

పెద్దపల్లి పెద్దల నడుగవలసిన సంగతులు

"మా యవ్వ పోరాటములు చేయలేదు, జైలునకు పోలేదు, ఆమె కథలో నేమున్నది?" అని కొందరు అందురు. పెద్దపల్లి సీమనే తీసికొని చూతము.

పెద్దపల్లి 2016 అక్టోబరు 11వ తేదీన ప్రత్యేక జిల్లా యైనది. అంతకుముందు కరీంనగరు జిల్లాలోనిది. ఉత్తరమున గోదావరి, ఒడ్డున మంథని, ఎగువన రామగుండము, గోదావరిఖని. ఎనుబదియైదేండ్లు దాటిన యవ్వ నేడు ఆ సీమలో నున్నచో, ఆమె చిన్నతనము నిజాము పాలనలో గడచినది. 1948 సెప్టెంబరున హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసినప్పుడు ఆమె పసిపిల్ల. రజాకార్లు వచ్చుచున్నారన్న పుకారు పుట్టిన రాత్రి తల్లి ఆమె నెచట దాచినదో ఆమెకు జ్ఞాపకముండవచ్చును. హాలీసిక్కా రూపాయిని ఆమె చేత పట్టుకొని యుండవచ్చును. దొర గడీకి వెట్టికి పోయినవారి బిడ్డయైనచో ఒక కథ, గడీలోపల పెరిగినదైనచో మరియొక కథ, ఉర్దూబడికి పోవుచున్న అన్న వెనుక నిలిచి అక్షరములు చూచినదైనచో వేరొక కథ. ఒకే యూరు, ఒకే యేడు, మూడు బ్రతుకులు. పాఠ్యపుస్తకము ఈ మూటిని ఒక్క వాక్యమున చెప్పి సాగిపోవును.

1960 దశకమున గోదావరిఖని ప్రాంతమున బొగ్గుబావులు తెరచినప్పుడు ఎక్కడెక్కడి పల్లెలనుండియో కుటుంబములు వలసవచ్చినవి. బావిలోనికి దిగిన పురుషుని కథ లెక్కపుస్తకములలో నుండును; అతని హాజరు, జీతము, గాయము అన్నియు వ్రాయబడును. పొయ్యిమీద గటక పెట్టి, సైరను కూత విని, షిఫ్టు దిగి వచ్చువాని సైకిలు చప్పుడుకై చెవియొగ్గి కూర్చున్న యాలి కథ ఏ లెక్కలోను లేదు. ఆమె నడిగినగాని అది దొరకదు. 1978లో శంకుస్థాపన జరిగి, 1983 నుండి విద్యుత్తు నీయ మొదలిడిన రామగుండపు పెద్ద విద్యుత్కేంద్రమునకు ఎన్ని మెగావాట్ల శక్తికలదో పిల్లలు పరీక్షలలో వ్రాయుదురు. ఆ నేలపై మునుపు ఎవరి జొన్నచేను, ఎవరి యిప్పచెట్టు ఉండెనో చెప్పువారు వృద్ధులే. ఎరువుల కర్మాగారము 1980లో ఉత్పత్తి ప్రారంభించి, 1999లో మూతపడి, 2021లో మరల తెరువబడినది. మూతపడిన యా యిరువది రెండేండ్లు అచటి గృహిణులు సంసారము నెట్లు గడపిరో ఏ నివేదికలోను కానరాదు. ఎల్లంపల్లి జలాశయమున మునిగిన పల్లెల వీధులు ఇప్పుడు పెద్దల మనసులలో మాత్రమే యున్నవి. ఏ యింటిముందు బతుకమ్మ పేర్చిరో, ఏ గట్టుమీదినుండి నీట విడిచిరో వారు చెప్పగలరు.

ఇన్ని సంగతులు తెలిసినవారిని మనము "ముసలమ్మకేమి తెలియును" అని వంటింటి మూలను కూర్చుండబెట్టుచున్నాము.

చాదస్తము కాదు

వృద్ధులు చెప్పినదే చెప్పుదురని, పాతమాటలే తవ్వుదురని మనము విసుగుకొందుము. రాబర్టు బట్లరు అను అమెరికా దేశపు మనోవైద్యుడు 1963లో దీనిపై ఒక వ్యాసము ప్రకటించెను. ముసలితనమున గతమును తలపోయుట బుద్ధిమాంద్యము కాదనియు, మనుష్యుడు తన జీవితమును తాను మరల చూచుకొని సరిదిద్దుకొను సహజమైన పనియనియు అతడు వాదించెను. అప్పటినుండి వృద్ధుల జ్ఞాపకములను ఓపికతో వినుట వారి మనసునకు ఊరటయని వైద్యులును గుర్తించుచున్నారు. మరియొక విశేషము కలదు. ముసలివారికి నిన్నటి కూర జ్ఞాపకముండకపోవచ్చును. పదేండ్లనుండి ముప్పదియేండ్ల లోపల జరిగిన సంగతులు మాత్రము స్పష్టముగా నుండును. పెండ్లినాటి చీర రంగు, మొదటి కాన్పు నొప్పులు, అత్తవారింట తొలిదినమున వినిన మాట చెక్కుచెదరక నిలిచియుండును. కావున "ఆమెకు మతిమరపు" అని వెనుదీయ నక్కరలేదు.

ఎట్లు అడుగవలెను?

పనికి దిగు విద్యార్థులకు, వారిని ప్రోత్సహించు తల్లులకు కొన్ని సూచనలు.

మొదటిది సమయము. బతుకమ్మ పండుగ సెలవులును, వేసవి సెలవులును దీనికి అనువైనవి. ఒక్కదినమున అంతయు రాబట్టవలెనని తొందరపడరాదు. దినమునకు ముప్పావుగంట చాలును. పగటి భోజనమైన పిమ్మట, చేతికి చిన్నపని యుండగా, అనగా చిక్కుడుకాయ యీనెలు తీయుచునో, బియ్యము చెరుగుచునో యున్నప్పుడు మాట సులువుగా వచ్చును. ఎదురుగా కుర్చీ వేసికొని కూర్చున్నచో ఆమె భయపడును. చాపమీద ప్రక్కన కూర్చుండవలెను.

రెండవది ప్రశ్న. "నీ జీవితకథ చెప్పు" అని అడిగినచో "నా కథ యేమున్నది బిడ్డా, పుట్టినం, పెరిగినం" అని ముగించును. చిన్నచిన్న ప్రశ్నలు వేయవలెను. ఇవి కొన్ని:

1. నీ పూర్తి పేరేమి? ఎవరు పెట్టిరి? నీ తల్లి పేరు, ఆమె తల్లి పేరు, అత్తగారి పేరు, ఆమె యత్తగారి పేరేమి?

2. నీవు పుట్టిన యింటికి ఎన్ని గదులు? నీరెచటినుండి మోసితిరి?

3. చిన్నతనమున ప్రొద్దున ఏమి తింటిరి? అంబలియా, గటకయా? అన్నము ఏయే దినములలో వండుకొంటిరి?

4. బడికి పోయితివా? పోనియెడల, ఎవరు వలదనిరి?

5. పెండ్లినాటికి నీకు ఎన్నేండ్లు? పెండ్లికుమారుని ముందుగా చూచితివా? అత్తవారింటికి దేనిమీద పోయితివి?

6. నీ చేతికి మొట్టమొదట డబ్బు ఎప్పుడు వచ్చినది? ఏ పని చేసితివి? ఆ డబ్బు ఏమైనది?

7. ఎందరు బిడ్డలను కంటివి? ఎవరు కాన్పు చేసిరి? ఎందరు నిలిచిరి?

8. నీవు ఎక్కువగా భయపడిన దినమేది? మనసార నవ్విన దినమేది?

9. నీవు చేయవలెననుకొని చేయలేకపోయినదేమి?

10. నన్నేమి అడుగవలెనని నీకున్నది?

మొదటి ప్రశ్నను ఎన్నడును విడువరాదు. పదియవ ప్రశ్నను తప్పక వేయవలెను. పలుమార్లు అసలు కథ అచటనే మొదలగును.

మూడవది కాలనిర్ణయము. పెద్దలకు సంవత్సరముల లెక్క తెలియదు. తెలిసిన సంగతులను గురుతుగా పెట్టుకొని అడుగవలెను. రజాకార్ల గడబిడ 1947-48. మొదటి సాధారణ యెన్నికలు 1951-52. తెలంగాణ విద్యార్థుల ఉద్యమము 1969. కిలో రెండురూపాయల బియ్యము 1983. గోదావరికి పెద్దవరద 1986 ఆగష్టు. "అప్పటికి నీ పెద్దకొడుకు నడిచుచుండెనా? రెండవ బిడ్డ పుట్టినదా?" అని అడిగినచో కాలము దానంతటదే తేలును.

నాలుగవది చూచినదానిని, వినినదానిని వేరుచేయుట. కాజీపేట బల్హార్షా రైలుదారి 1929లో పూర్తియైనది. పెద్దపల్లికి రైలు వచ్చుటను నేటి యవ్వ చూచియుండదు. ఆమె తల్లి చూచి చెప్పియుండవచ్చును. "నీవు చూచితివా, ఎవరైన చెప్పగా వింటివా?" అని మెల్లగా అడిగి, ఆ మాటను ప్రక్కన వ్రాసికొనవలెను. వినినమాట పనికిరానిదని కాదు. దాని విలువ వేరు.

అయిదవది భాష. ఇది మిక్కిలి ముఖ్యమైనది. చదువుకొన్న పిల్లలు అవ్వ మాటను పుస్తకభాషలోనికి మార్చి వ్రాయుదురు. "అచ్చిండు" అని ఆమె పలికిన "వచ్చెను" అని దిద్దరాదు. "దవాఖాన" అన్నచో "వైద్యశాల" యని వ్రాయరాదు. ఈ వ్యాసమును మేము గ్రాంథికమున వ్రాయుచున్నాము; అది మా యలవాటు. అవ్వ కథకు మాత్రము అవ్వ మాటయే తగినది. ఆమె పలుకు మారినచో ఆమె మొగము మారినట్లే.

ఆరవది భద్రపరచుట. నేడు సెల్‌ఫోను లేని యిల్లు లేదు. అందు మాటను పట్టియుంచుట సులభము. మొదట తేది, ఊరు, ఆమె పేరు పలికి అటుపిమ్మట ప్రశ్న మొదలిడవలెను. ఒక్క ఫోనునందే యుంచినచో అది పగిలిననాడు అవ్వ గొంతు పోవును. రెండు చోట్ల దాచవలెను. విన్ననాటి రాత్రియే వ్రాయవలెను. ఫోను మాటను పట్టును గాని, ఆమె ఎచట ఆగినదో, ఎచట కొంగుతో కన్నులొత్తుకొన్నదో పట్టదు. అది వ్రాయువారి పని.

మగవారు అడ్డుపడినప్పుడు

ఇట్టి దృశ్యమును మనలో చూడనివారెవరు? పిల్ల అవ్వ నేదో అడుగును. అవ్వ నోరు విప్పులోపల ప్రక్కనున్న తాతయో, కొడుకో "ఆమెకేమి తెలియును, నేను చెప్పెద" నని అందుకొనును. ఆమె తల వంచుకొని చిక్కుడుకాయలు గిల్లుకొనును. ఆయన చెప్పునది అబద్ధము కాకపోవచ్చును. అయినను అది ఆయన కథ. తాత కథను వేరొక దినమున, వేరొక పుటలో తప్పక వ్రాయవలెను. అవ్వతో మాటలాడునప్పుడు ఆమె యొంటరిగా నుండునట్లు చూడవలసినది ఇంటి యిల్లాలు. కోడలైన మనము కూడ ఆ కొంతసేపు ప్రక్కగదికి పోవుట మంచిది. అత్తగారు తన కోడలి యెదుట చెప్పలేని మాటలు కొన్ని యుండును; అందు కొన్ని మననుగూర్చినవే కావచ్చును!

ఇంటిగుట్టు మాట

ఇచట చాలమంది తల్లులు వెనుకాడుదురు. "ముసలామె నోటికి వచ్చినదంతయు పిల్ల వ్రాసినచో ఇంటిగుట్టు రచ్చకెక్కదా? ఎప్పటివో భూమి తగవులు, ఎవరో చేసిన దుర్మార్గములు ఇప్పుడేల?" అందురు. ఈ భయము నిరాధారమైనది కాదు. కావున ఒక నియమము పెట్టుకొనవలెను: కథ ఎవరిదో హక్కును వారిదే. వ్రాసినదంతయు అవ్వకు చదివి వినిపింపవలెను. "ఇది తీసివేయి" అన్నచో మారుమాటాడక తీసివేయవలెను. "ఇది నేను పోయినపిమ్మట చూపు" అన్నచో అట్లే చేయవలెను. ఆమె సమ్మతి లేక ఆమె గొంతును, బొమ్మను ఫోనులలో నలుగురికి పంచుట మహాపరాధము. పాఠశాలకు ఇయ్యవలసి వచ్చినచో ఇతరుల పేర్లు మార్చి యీయవలెను.

ఆమె ఏడ్చినచో ఏమి చేయవలెనని పిల్లలు అడుగుదురు. పుస్తకము మూసి, చేయి పట్టుకొని కూర్చుండవలెను. ఆనాటికి పని ముగిసినట్లే. మరునాడు ఆమెయే పిలిచి చెప్పిన చెప్పును. లేనిచో ఆ మాట ఆమెకే యుండనిండు. చెప్పకుండుటయు ఒక హక్కే.

అయినను గుట్టు పేరిట అన్నిటిని పూడ్చిపెట్టుట న్యాయము కాదు. ఆమె తిన్న దెబ్బలు, ఆమె నుండి లాగుకొన్న నగలు, చదువుకొందునన్న ఆమెను బడి మాన్పించిన దినము - ఇవి యింటి పరువు కొరకు దాచినవే. ఆ పరువు మోసినది ఆమె యొక్కతెయే. బ్రతుకు చివర నైన తన మాట తాను చెప్పుకొనవలెనని ఆమె కోరినచో, అడ్డుపడుటకు మనమెవరము?

పిల్లల కేమి లాభము?

పరీక్షలకు ఇది పనికివచ్చునా యని తండ్రులు అడుగుదురు. వినుట, విన్నదానిని క్రమముగా వ్రాయుట, నిజమునకును ఊహకును భేదమెరుగుట, తనకంటె వేరైన జీవితమును గౌరవించుట - ఇవి నేర్పని చదువు చదువేనా? ఉపాధ్యాయినులకు మా మనవి యేమనగా, సెలవుల పనిగా ఒక్కొక్క విద్యార్థిచే ఒక్కొక్క పెద్దమనిషి కథ వ్రాయింపుడు. తన యింట వృద్ధులు లేని పిల్ల ప్రక్కయింటి యవ్వయొద్దకు పోవలెను. తన కులము కాని, తన మతము కాని వారి యింటికి పోయి అడిగినచో మరియు మంచిది. ఒక తరగతిలో నలుబదిమంది యున్నచో ఒక వేసవిలో నలుబది జీవితములు నిలుచును. పల్లె గ్రంథాలయమున ఒక అర దానికి చాలును.

మరల మొదటి సంగతికి వత్తము. ఆ యింట పండ్రెండవ దినమున పురోహితుడు కొంతసేపు వేచి, శాస్త్రములో పేరు తెలియనివారికి చెప్పిన విధమున కర్మ ముగించెను. శాస్త్రమునకు లోపము రాలేదు. లోపము మనది. ఆ మునిమనుమరాలు మాత్రము ఊరకుండలేదు. మరునాడే నోటుపుస్తకము తీసికొని, ప్రక్కయింటి ముసలమ్మ అరుగుమీదికి పోయి కూర్చున్నది. మొదటి పుటలో మొదటి పంక్తిని ఆ ముసలమ్మ తల్లి పేరు, ఆమె తల్లి పేరు వ్రాసినది.

చదువరులారా! ఈ సంచికను మూసిన పిమ్మట మీ పిల్లను పిలువుడు. ఇంట పెద్దవారున్నచో ఆమెను వారి ప్రక్కన కూర్చుండబెట్టి, చేతికొక పుస్తకమిచ్చి, మీరు ప్రక్కగదికి పొండు. పెద్దవారు లేనిచో, మీ యమ్మ పేరు, ఆమె యమ్మ పేరు, ఆ పైని పేరు మీకు తెలిసినంతవరకు నేటి రాత్రియే వ్రాసిపెట్టుడు. ఆ పేర్లు తెలిసిన మనిషి నేడు మీరే.